ఒక యంత్రములో పలు యంత్రములు: మిథ్యా యంత్ర సాఫ్ట్‌వేరుల గుణదోష విచారణ

అద్దములో కనబడు ప్రతిబింబమును భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకములు మిథ్యా ప్రతిబింబమని చెప్పును. అది కంటికి కనబడును. తెరమీద పట్టుటకు మాత్రము వీలుపడదు. కంప్యూటరు శాస్త్రమున ‘వర్చువల్ మెషీన్’ అను మాటలోని ‘వర్చువల్’ కూడ ఈ పదమే. కావున దానిని తెలుగులో మిథ్యా యంత్రమని పిలుచుట సమంజసము. కాని పోలిక అంతటితో సరి. అద్దములోని అన్నము ఆకలి తీర్చదు. మిథ్యా యంత్రములో వ్రాసిన పత్రము మాత్రము నిజమైన పత్రమే. అందులో చేరిన వైరసు నిజమైన వైరసే. అది వాడుకొను మెమరీ, డిస్కు, విద్యుత్తు అన్నియు నిజమైనవే. ఈ భేదమును మరచుటచేతనే, మిథ్యా యంత్రమును నడుపు సాఫ్ట్‌వేరును ఎన్నుకొనుటలో పెక్కు పొరపాట్లు జరుగుచున్నవి.

అవసరమేమి?

కంప్యూటరులోని ప్రాసెసరు, మెమరీ, డిస్కు, కీబోర్డు మొదలగువానిని తన స్వాధీనమునందుంచుకొని, తక్కిన ప్రోగ్రాములకు పంచియిచ్చు మూల సాఫ్ట్‌వేరును ఆపరేటింగ్ సిస్టమందురు. తెలుగులో దానిని నిర్వాహక వ్యవస్థ యనవచ్చును. విండోస్, లినక్స్, మాక్ ఓ.ఎస్. అనునవి ఇట్టివి. సామాన్యముగా ఒక కంప్యూటరుపై ఒక సమయమున ఒకే నిర్వాహక వ్యవస్థ నడచును. ఏలయన, ప్రతి వ్యవస్థయు యంత్రమంతయు తనదేయను భావముతో వ్రాయబడినది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవను సామెత ఇచ్చట అక్షరాల వర్తించును.

అయినను రెండు వ్యవస్థలు కావలసిన సందర్భములు కలవు. ఉన్నత పాఠశాలనే తీసికొనుడు. కార్యాలయపు పనులన్నియు విండోస్ మీద సాగుచుండును. విద్యార్థులకు లినక్స్ చూపవలెనని ఉపాధ్యాయుని కోరిక. కంప్యూటర్లు పది; వానిలో ఒక్కటి చెడినను మరమ్మతునకు వారము పట్టును. అట్టిచోట అసలు యంత్రమును కదలించకుండ, విద్యార్థి దేనినైన తుడిచి, చెరిపి, పాడుచేసి, మరల మొదటినుండి ఆరంభించుటకు వీలగు స్థలము కావలెను. తెలుగు డి.టి.పి. కేంద్రములకు మరియొక అవసరమున్నది. పేజ్‌మేకరులో అను ఖతులతో కూర్చిన పాత పత్రములు యూనికోడ్ పద్ధతికి చెందినవి కావు. వానిని తెరచి సరిదిద్దుటకు పాత విండోస్ కావలసివచ్చును. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సంస్థయొక్క సాధారణ రక్షణ సవరణలు ముగిసినవి. విండోస్ 11 కోరు హంగులు లేని పాత కంప్యూటర్ల యజమానులకు లినక్స్ పరీక్షించి చూచుట అప్పటినుండి అగత్యమైనది.

ఇందుకు మార్గములు రెండు. డిస్కును రెండు భాగములు చేసి, యంత్రమును ప్రారంభించునపుడు ఏది కావలెనో కోరుకొనుట మొదటిది. దీనిని డ్యూయల్ బూట్ అందురు. ఇందులో ఒకటి నడచునపుడు రెండవది నిద్రించును. ఉన్న వ్యవస్థలోపలనే ఒక సాఫ్ట్‌వేరు సహాయముతో మిథ్యా యంత్రమును సృష్టించి, అందులో రెండవ వ్యవస్థను నడుపుట రెండవ మార్గము. మొదటి వ్యవస్థకు ఆతిథేయి యనియు, రెండవదానికి అతిథి యనియు పేర్లు. మధ్యనుండి పర్యవేక్షించు సాఫ్ట్‌వేరు పేరు హైపర్‌వైజరు. వర్చువల్ బాక్స్, వి.ఎం.వేర్ వర్క్‌స్టేషన్, హైపర్-వి, కె.వి.ఎం. అను నాలుగును నేడు విరివిగా వినబడుచున్న హైపర్‌వైజరులు.

అర్ధశతాబ్దపు కొలబద్ద

ఈ నాలుగింటిని పోల్చు పట్టికలకు కొదువ లేదు. ఏది ఎన్ని సెకనులలో తెరచుకొన్నది, దేనిలో ఎన్ని సదుపాయములున్నవి అని గుర్తులు పెట్టి, మొత్తము కూడి, విజేతను ప్రకటించుట వాని పద్ధతి. లెక్కించుటకు సులభమైనవానిని లెక్కించుటయే ఈ పట్టికల దోషము. ఎద్దును కొనువాడు దాని కొమ్ముల పొడవు కొలిచి తృప్తిపడడు. ఏ గుణముండిన అది మంచి మిథ్యా యంత్రమగును? ఈ ప్రశ్నకు శాస్త్రీయమైన సమాధానము 1974లోనే లభించినది.

మిథ్యా యంత్రము కొత్త భావన కాదు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రమందలి కేంబ్రిడ్జి నగరమున ఐ.బి.ఎం. సంస్థయొక్క శాస్త్ర కేంద్రములో 1964లో సి.పి.-40 అను ప్రయోగము మొదలైనది. 1967 నాటికి అది వాడుకలోనికి వచ్చినది. ఒక పెద్ద కంప్యూటరును పలువురు పంచుకొనుచు, ప్రతివాడును తనకొక పూర్తి యంత్రమున్నట్లే పనిచేసికొనుట దాని ఉద్దేశము. 1972లో అదే సంస్థ వి.ఎం./370 అను పేరుతో దాని సంతతిని విపణిలోనికి తెచ్చినది.

1974లో గెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ అను శాస్త్రజ్ఞులిద్దరు ఈ విషయమునకు గణితరూపమిచ్చిరి. హైపర్‌వైజరుకు మూడు లక్షణములుండవలెనని వారు చెప్పిరి. ఒకటి, తద్రూపత: అసలు యంత్రముపై ప్రోగ్రాము ఎట్లు నడచునో మిథ్యా యంత్రముపైనను అట్లే నడువవలెను, కాలములోను, లభించు వనరులలోను మాత్రమే భేదముండవచ్చును. రెండు, సామర్థ్యము: అతిథియొక్క ఆజ్ఞలలో అత్యధిక భాగమును హైపర్‌వైజరు జోక్యము లేకుండ ప్రాసెసరే నేరుగా అమలుపరచవలెను. మూడు, అధికారము: యంత్రమందలి వనరులన్నియు హైపర్‌వైజరు చేతిలోనుండవలెను, అతిథి తనకు కేటాయించని దానిని తాకరాదు.

ఏ ప్రాసెసరుపై ఇది సాధ్యమగునో కూడ వారు నిరూపించిరి. దానిని పరీక్షశాలతో పోల్చి చెప్పవచ్చును. విద్యార్థి బయటకు పోదలచినచో చేయి ఎత్తును. పర్యవేక్షకుడు వచ్చి విచారించి తగిన ఏర్పాటు చేయును. అట్లే యంత్రస్థితిని మార్చునట్టి, లేక యంత్రస్థితిని తెలిసికొనునట్టి ప్రతి ఆజ్ఞయు అతిథి జారీచేసినపుడు ప్రాసెసరు ఆగి హైపర్‌వైజరును పిలువవలెను. చేయి ఎత్తకుండనే జరిగిపోవు ఆజ్ఞ యొక్కటి యున్నను వ్యవస్థ చెడును.

ఇంటెల్ సంస్థయొక్క పాత ప్రాసెసరులలో సరిగ్గా ఈ లోపమే యుండెను. పెంటియం ప్రాసెసరులో ఇట్టి ఆజ్ఞలు 17 కలవని జాన్ స్కాట్ రాబిన్, సింథియా అర్విన్ 2000లో ప్రకటించిరి. వానిలో పాప్-ఎఫ్ అనునది యొకటి. దానితో అతిథి ‘నన్నెవరును మధ్యలో ఆపరాదు’ అను గుర్తును మార్చబూనినచో, అధికారము లేని స్థితిలో ప్రాసెసరు ఆ మార్పు చేయదు; చేయలేదనియు చెప్పదు. మార్పు జరిగినదని అతిథి నమ్మి ముందునకు సాగును. పర్యవేక్షకునికి అసలు విషయమే తెలియదు. తద్రూపత అచ్చటనే భంగపడును.

1998లో స్థాపింపబడిన వి.ఎం.వేర్ సంస్థ ఈ చిక్కును తెలివిగా దాటినది. అతిథి నిర్వాహక వ్యవస్థయొక్క కీలకమైన ఆజ్ఞలను ముందుగా చదివి, ప్రమాదకరమైనవానికి బదులుగా వేరు ఆజ్ఞలను అప్పటికప్పుడే వ్రాసిపెట్టుట దాని ఉపాయము. 1999లో వెలువడిన వర్క్‌స్టేషన్ ఈ పద్ధతిపైననే నడచినది. తరువాత 2005లో ఇంటెల్ సంస్థయు, 2006లో ఎ.ఎం.డి. సంస్థయు తమ ప్రాసెసరులలోనే లోపమును సవరించు ఏర్పాటు చేసినవి. ఇంటెల్ దానికి వి.టి.-ఎక్స్ అనియు, ఎ.ఎం.డి. దానికి ఎ.ఎం.డి.-వి అనియు పేరిడినవి.

పోలికల పట్టికలు చూడని ముఖ్య విషయమిదే. నేడు నాలుగు సాఫ్ట్‌వేరులును ఈ ప్రాసెసరు ఏర్పాటునే ఆశ్రయించియున్నవి. 2019లో వచ్చిన వర్చువల్ బాక్స్ 6.1 మొదలు, ఆ ఏర్పాటు లేనిదే అది మిథ్యా యంత్రమును నడుపదు. కావున శుద్ధమైన గణనలో వీని మధ్య భేదము స్వల్పము. భేదమంతయు తెర, డిస్కు, నెట్‌వర్కు వంటి పరికరములను అనుకరించుటలోను, అధికార నిర్వహణలోను ఉన్నది. సాఫ్ట్‌వేరును మార్చి చూచుటకు ముందు ఉపాధ్యాయుడు చూడవలసినది యంత్రముయొక్క బయోస్ అమరికను. పెక్కు కంప్యూటర్లలో ఈ ఏర్పాటు ఉండియు, మూసివేయబడి యుండును. దానిని తెరువక సాఫ్ట్‌వేరును నిందించుట కుళాయి త్రిప్పక బావిని నిందించుట వంటిది.

తద్రూపతకు హద్దు

మిథ్యా యంత్రములో అతిథి ఆజ్ఞలను అసలు ప్రాసెసరే నేరుగా అమలుపరచునని పైన చెప్పబడినది. కావున ఆతిథేయికిని అతిథికిని ప్రాసెసరు భాష ఒకటే కావలెను. ఈ చిన్న విషయము తెలియక డబ్బు పోగొట్టుకొను వారున్నారు. 2020 నవంబరు మొదలు ఆపిల్ సంస్థ తన మాక్ కంప్యూటర్లను ఇంటెల్ ప్రాసెసరులనుండి క్రమముగా ఆర్మ్ జాతి ప్రాసెసరులకు మార్చినది. వానిపై ఆర్మ్ కొరకు తయారైన లినక్స్, ఆర్మ్ కొరకు తయారైన విండోస్ మిథ్యా యంత్రములో చక్కగా నడచును. ఇంటెల్ కొరకు తయారైన పాత విండోస్ మాత్రము అట్లు నడువదు. దానికి అనుకరణము, అనగా ఎమ్యులేషన్ కావలెను.

అనుకరణములో ప్రతి ఆజ్ఞను ఒక భాషనుండి మరియొక భాషకు తర్జుమా చేయవలెను. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫాబ్రిస్ బెల్లార్డ్ 2003లో ప్రారంభించిన క్యూఎము అను సాఫ్ట్‌వేరు ఇట్టి పనికి ప్రసిద్ధి. ఇద్దరు తెలుగువారు నేరుగా మాటలాడుకొనుటకును, దుబాసీ ద్వారా మాటలాడుటకును గల భేదమే ఇచ్చటను కలదు. పని జరుగును గాని వేగము మిక్కిలి తగ్గును. సాఫ్ట్‌వేరు ప్రకటనలలో ఈ రెండును ఒకే మాటగా కలిసిపోవుచుండును. కొనువారు విడదీసి చదువవలెను.

నలుగురు అభ్యర్థులు

వర్చువల్ బాక్స్ జర్మనీలోని ఇన్నోటెక్ సంస్థ తయారుచేసినది. విండోస్, లినక్స్, మాక్ మూడింటిపైనను ఒకే రీతిగా కనబడుట దాని ప్రధాన గుణము. పాఠశాలలో నేర్చిన విద్యార్థి ఇంటికి పోయి వేరొక యంత్రముపై అదే తెరను, అవే బొత్తాములను చూచును. బోధనకు ఇది చిన్న లాభము కాదు. దోషములును కలవు. త్రిమితీయ చిత్రముల విషయమున అది బలహీనము. విండోస్‌లో హైపర్-వి పనిచేయుచుండగా దీనిని నడిపినచో, ప్రాసెసరు ఏర్పాటు హైపర్-వి స్వాధీనమందుండుటచేత ఇది దాని ద్వారా మెల్లగా సాగవలసివచ్చును. అపుడు కిటికీ అడుగున ఒక ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనబడును. కారణమును తెలుపక బొమ్మను మాత్రము చూపుట సాఫ్ట్‌వేరు రచయితలకు వినోదము కావచ్చును. తరగతిలో నలుబదిమంది పిల్లలతో నిలుచున్న ఉపాధ్యాయునికి కాదు.

వి.ఎం.వేర్ వర్క్‌స్టేషన్ పనితనములో వీనిలో పెద్దది. తెర చిత్రణమునందును, నెట్‌వర్కు అమరికలందును దానికి మంచి పేరున్నది. విండోస్, లినక్స్ ఆతిథేయులపై అది నడచును. మాక్‌కు ఫ్యూజన్ అను వేరు రూపము కలదు. దాని లోపము సాంకేతికమైనది కాదు. దానిని గురించి దిగువ చర్చింపబడును.

హైపర్-వి మైక్రోసాఫ్ట్ సంస్థది. 2008లో సర్వరులకును, 2012లో విండోస్ 8తో వ్యక్తిగత కంప్యూటర్లకును వచ్చినది. విండోస్ ప్రో, ఎంటర్‌ప్రైజ్, ఎడ్యుకేషన్ రూపములలో ఇది చేరియే యుండును. ఇండ్లలో సామాన్యముగా కనబడు హోమ్ రూపమున లేదు. దీని నిర్మాణమొక వింత. దీనిని ప్రారంభించిన వెంటనే అసలు విండోస్ కూడ హైపర్‌వైజరుపైకి ఎక్కును. ఇంటి యజమాని తన ఇంటిలో తానే అద్దెకు దిగినట్లగును. అధికార లక్షణము దృష్ట్యా ఇది బలమైన పద్ధతి. కాని ఇతర హైపర్‌వైజరులతో పొత్తు కుదురుట కష్టము. లినక్స్ అతిథికి తెర సదుపాయములును తక్కువ.

కె.వి.ఎం. లినక్స్ గర్భములోనిది. క్యూమ్రానెట్ అను సంస్థలో ఆవి కివిటీ దీనిని ప్రారంభించెను. 2007 ఫిబ్రవరిలో వెలువడిన లినక్స్ 2.6.20తో అది కెర్నెలులో భాగమైనది. పరికరముల అనుకరణమునకు క్యూఎము దీనికి తోడుండును. వర్ట్-మేనేజర్ అను ప్రోగ్రాము వీనికి కిటికీలను, బొత్తాములను సమకూర్చును. ఆతిథేయి లినక్స్ అయినచో దీనిని మించినది వెదకనక్కరలేదు. ఆతిథేయి విండోస్ అయినచో దీని ప్రసక్తియే లేదు.

అతిథి గోడ దాటునా?

పోపెక్, గోల్డ్‌బర్గ్ చెప్పిన మూడవ లక్షణము అధికారము. అతిథి తన గదిని దాటి రాకుండుటయే దాని సారము. మిథ్యా యంత్రము సంపూర్ణముగా సురక్షితమను ప్రచారమును ఈ లక్షణముతో పరీక్షింపవలెను. 2015 మే నెలలో ‘వెనమ్’ అను పేరుతో ఒక లోపము బయటపడినది. క్యూఎము ఫ్లాపీ డిస్కు యంత్రమును అనుకరించు భాగములో అది 2004నుండి దాగియుండెను. దాని ద్వారా అతిథి గోడను పగులగొట్టి ఆతిథేయిలోనికి వచ్చుటకు అవకాశమేర్పడెను. ఆ భాగమును వాడుకొన్న కె.వి.ఎం., జెన్ వంటివి అన్నియు సవరణలు చేసికొనవలసివచ్చెను. ఫ్లాపీలు వాడుకనుండి తొలగిన కాలమున ఫ్లాపీ అనుకరణము ద్వారా ముప్పు వచ్చుట గమనింపదగినది. అనుకరింపబడు ప్రతి పరికరమును గోడలో ఒక కిటికీ. కావున అవసరము లేని పరికరములను మిథ్యా యంత్రమునుండి తొలగించుట మేలు.

వాడువారే తెరచిపెట్టు తలుపులును కలవు. ఆతిథేయి ఫోల్డరును అతిథికి పంచియిచ్చు సదుపాయము ఎంతో సుఖము. కాని అతిథిలోని వైరసుకును అది రాచబాటయే. ఆ ఫోల్డరు చదువుటకు మాత్రమే తెరచియుంచినచో ముప్పు తగ్గును. పాత పత్రముల కొరకు విండోస్ ఎక్స్.పి.ని నడుపువారు మరింత జాగ్రత్త వహింపవలెను. 2014 ఏప్రిల్ 8తో దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసినది. అట్టి అతిథికి నెట్‌వర్కు తీగ తగిలింపరాదు. మిథ్యా తీగ అయినను తగిలింపరాదు.

లెక్క తప్పని వనరులు

మిథ్యా యంత్రములు కంప్యూటరును హెచ్చించునను భ్రమ సర్వసాధారణము. అవి భాగించును గాని హెచ్చింపవు. ఒక కుంచెడు బియ్యము పది కుండలలో పోసినంత మాత్రాన పది కుంచములు కాదు.

8 గిగాబైట్ల మెమరీగల కంప్యూటరును ఉదాహరణముగా తీసికొనవచ్చును. విండోస్ 11 కోరు కనీసపు మెమరీ 4 గిగాబైట్లు. మిగిలిన 4లో ఒక లినక్స్ అతిథికి 3 ఇచ్చినచో ఆతిథేయికి ఊపిరాడుటకు ఒకటి మిగులును. ఇంతటితో లెక్క ముగిసినది. రెండవ అతిథికి స్థలము లేదు. 16 గిగాబైట్లున్నచో ఆతిథేయికి 8 ఉంచి, చెరి 4 చొప్పున ఇద్దరు అతిథులను పిలువవచ్చును. 4 గిగాబైట్ల పాత యంత్రములో మాత్రము ఏ హైపర్‌వైజరును ఉపకరింపదు. మెమరీ చాలనపుడు యంత్రము డిస్కును మెమరీగా వాడబూనును. పాత డిస్కులపై అది నత్తనడకయే. అట్టిచోట డ్యూయల్ బూట్ గాని, పెన్ డ్రైవునుండి నేరుగా నడచు లినక్స్ గాని ఉత్తమము.

డిస్కు విషయమునను ఇట్టి భ్రమయే కలదు. మిథ్యా డిస్కు ఆతిథేయిలో ఒక పెద్ద ఫైలు. అవసరమునుబట్టి పెరుగునట్లు దానిని అమర్చవచ్చును. కాని అతిథిలో ఫైళ్లను తుడిచినంత మాత్రాన ఆ పెద్ద ఫైలు తనంతట చిక్కిపోదు. అట్లే ‘స్నాప్‌షాట్’ అను సదుపాయము. ఒక క్షణమున యంత్రస్థితిని గుర్తుంచుకొని, తరువాత చెడినచో మరల ఆ స్థితికి కొనిపోవుట దాని పని. విద్యార్థుల ప్రయోగములకు ఇది వరమే. కాని అది మొదటి డిస్కు ఫైలును ఆశ్రయించి నిలుచునది. మొదటి ఫైలు పోయినచో స్నాప్‌షాటులన్నియు పోవును. దానిని వేరు ప్రతియని నమ్మి, విద్యార్థుల సంవత్సరపు పనిని దానికి అప్పగించుట ప్రమాదకరము.

నాల్గవ పరీక్ష

1974 నాటి మూడు లక్షణములును నేటి నాలుగు సాఫ్ట్‌వేరులలోను చాలవరకు కలవు. అట్లయిన ఎన్నిక దేనిపై ఆధారపడవలెను? ఆనాటి శాస్త్రజ్ఞులకు అవసరము పడని నాల్గవ ప్రశ్నపై. తాళపుచెవి ఎవరి చేతిలోనున్నది?

వి.ఎం.వేర్ చరిత్ర ఇందుకు తగిన పాఠము. 2023 నవంబరు 22న బ్రాడ్‌కామ్ సంస్థ దానిని స్వాధీనపరచుకొన్నది. 2024 ఫిబ్రవరిలో ఈ.ఎస్.ఎక్స్.ఐ. అను సర్వరు హైపర్‌వైజరుయొక్క ఉచిత రూపము నిలిపివేయబడినది. 2025 ఏప్రిలులో మరల ఉచిత రూపము వచ్చినది. వర్క్‌స్టేషన్ విషయమున కథ ఎదురుదిశగా నడచినది. అంతవరకు వెల పెట్టి కొనవలసిన వర్క్‌స్టేషన్ ప్రో 2024 మే నెలలో వ్యక్తిగత వాడుకకును, అదే సంవత్సరము నవంబరులో విద్యాసంస్థలకు, వ్యాపారములకు సహితము ఉచితమని ప్రకటింపబడినది. వినుటకు ఇది శుభవార్తయే. అయినను ఒక చేతితో తీసినది, మరియొక చేతితో ఇచ్చినది ఒకే యజమాని. ఇచ్చినవాడు తీసికొనగలడు. ఉచితము వేరు, స్వాతంత్ర్యము వేరు.

దీనికి ప్రక్కన వర్చువల్ బాక్స్ చరిత్రను ఉంచి చూడవలెను. ఇన్నోటెక్ 2007లో దాని మూలరచనను స్వేచ్ఛా లైసెన్సుతో బహిరంగపరచినది. 2008లో సన్ సంస్థ ఇన్నోటెక్‌ను కొన్నది. 2010లో ఒరాకిల్ సంస్థ సన్‌ను కొన్నది. మూడేండ్లలో ముగ్గురు యజమానులు మారినను, ముఖ్య భాగముయొక్క మూలరచన అందరికిని అందుబాటులోనే నిలిచినది. కె.వి.ఎం. విషయమును అట్టిదే. క్యూమ్రానెట్‌ను 2008లో రెడ్ హ్యాట్ కొన్నది. రెడ్ హ్యాట్‌ను 2019లో ఐ.బి.ఎం. కొన్నది. లినక్స్ కెర్నెలులో చేరిన కె.వి.ఎం. మాత్రము ఎవరి బీరువాలోనికిని పోలేదు. సంస్థలు చేతులు మారుట వ్యాపార ధర్మము. దానివలన తరగతి గది మూతపడకుండ చూచుకొనుట ఉపాధ్యాయుని ధర్మము.

వర్చువల్ బాక్స్ కూడ మచ్చలేనిది కాదు. దానితో ‘ఎక్స్‌టెన్షన్ ప్యాక్’ అను అదనపు భాగము వేరుగా దొరకును. దాని లైసెన్సు వేరు. వ్యక్తులకును, విద్యాబోధనకును అది ఉచితము. వ్యాపార సంస్థలు కొనవలెను. పాఠశాలలో నేర్చిన అలవాటును విద్యార్థి రేపు ఉద్యోగములో చేరిన కార్యాలయమునకు కొనిపోయినచో లైసెన్సు ఉల్లంఘన కాగలదు. అవసరము లేనిచో ఆ భాగమును చేర్చకుండుటయే మేలు.

అతిథి లైసెన్సును మరువరాదు. హైపర్‌వైజరు ఉచితమైనంత మాత్రాన అతిథియైన విండోస్ ఉచితము కాదు. మిథ్యా యంత్రములోని విండోస్‌కును అనుమతి కావలెను. ఒక విండోస్ అతిథిని తయారుచేసి పది కంప్యూటర్లకు ప్రతులు తీయుట చట్టవిరుద్ధము. లినక్స్ అతిథిని పదింటికి కాదు, నూటికి పంచినను తప్పులేదు. సి-డాక్ సంస్థ తయారుచేసిన, తెలుగుతో సహా భారతీయ భాషలలో పనిచేయు బాస్ లినక్స్ వంటివి ఇందుకు తగినవి.

చివరగా, పనిని బయటకు తీసికొనిపోవు వీలు. వర్చువల్ బాక్స్ డిస్కు వి.డి.ఐ. రూపమునను, వి.ఎం.వేర్ డిస్కు వి.ఎం.డి.కె. రూపమునను, హైపర్-వి డిస్కు వి.హెచ్.డి.ఎక్స్. రూపమునను ఉండును. ఒకదానినుండి మరియొకదానికి మారుటకు ఓ.వి.ఎఫ్. అను ఉమ్మడి ప్రమాణము కలదు. వర్చువల్ బాక్స్, వి.ఎం.వేర్ దానిని నేరుగా వ్రాయగలవు, చదువగలవు. హైపర్-వికి ఆ వీలు లేదు. డిస్కు రూపమును వేరు సాధనముతో మార్చుకొనవలెను. అల్లునికి వచ్చుటకే కాదు, తిరిగి పోవుటకును దారి యుండవలెను. సాఫ్ట్‌వేరు విషయమున పోవు దారిని ముందుగా చూచుకొని లోనికి పోవుట వివేకము.

ఫలితము

ఈ విచారణనుబట్టి ఉన్నత పాఠశాలకు వర్తించు నిర్ణయములు ఇట్లుండును. యంత్రములు విండోస్‌వి అయి, 8 గిగాబైట్లు గాని అంతకంటె హెచ్చు గాని మెమరీ కలిగియున్నచో, అదనపు భాగము లేని వర్చువల్ బాక్స్, అందులో ఒక లినక్స్ అతిథి తగినవి. యంత్రములు లినక్స్‌వి అయినచో కె.వి.ఎం. ఉత్తమము. విండోస్ ఎడ్యుకేషన్ లేక ప్రో రూపము ముందే యుండి, అదే వాతావరణములో సర్వరు పాఠములు చెప్పదలచినచో హైపర్-వి సరిపోవును. అపుడు దానితోపాటు మరియొక హైపర్‌వైజరును పెట్టరాదు. త్రిమితీయ చిత్రములతో పనిగలవారు వి.ఎం.వేర్ వాడుకొనవచ్చును గాని, పని ముగిసినపుడెల్ల ఓ.వి.ఎఫ్. రూపమున ఒక ప్రతి వేరుగా దాచుకొనవలెను. 4 గిగాబైట్ల యంత్రమునకు ఈ నాలుగును తగవు.

ఆచరణలో ఉపాధ్యాయుడు ఒక కంప్యూటరుపై అతిథిని శ్రద్ధగా అమర్చి, తెలుగు కీబోర్డు, పైథాన్ మొదలగునవి చేర్చి, దానిని ఒకే ఫైలుగా ఎగుమతి చేసి, తక్కిన తొమ్మిదింటికి దిగుమతి చేయవచ్చును. దిగుమతి చేయునపుడు నెట్‌వర్కు చిరునామాలు కొత్తవి కల్పింపుమని ఆజ్ఞాపించవలెను. లేనిచో పది అతిథులకును ఒకే మాక్ చిరునామా యుండి, వానిని పాఠశాల నెట్‌వర్కుకు నేరుగా కలిపినపుడు గందరగోళమేర్పడును. ఏ విద్యార్థి తన అతిథిని పాడుచేసినను, స్నాప్‌షాటుతో కొన్ని నిమిషములలో మొదటి స్థితికి తేవచ్చును. విద్యార్థి వ్రాసిన ప్రోగ్రాములు మాత్రము పెన్ డ్రైవులో వేరుగా భద్రపరుపబడవలెను.

లక్షల రూపాయల విలువచేయు ప్రయోగశాలను సమకూర్చుకొనలేని పాఠశాలకు మిథ్యా యంత్రము గొప్ప సాధనము. యంత్రము పాడగునను భయముతో పిల్లలను కీబోర్డుకు దూరముగా కూర్చుండబెట్టు చోట, ‘పాడుచేసి చూడుము’ అని చెప్పగల అవకాశమును అది కల్పించుచున్నది. ఆ అవకాశము ఒక సంస్థయొక్క దయపై గాక, పాఠశాలయొక్క స్వాధీనములో నిలుచునట్లు ఎన్నుకొనుటయే ఇందులో అసలు విషయము.